రోజుకు ఒక్క చోటు: అరవై దాటినవాళ్ళతో చదువు యాత్ర

"మూడు రోజుల్లో పదకొండు గుళ్ళు" అని కరపత్రంలో ఉంటే అది యాత్రే గానీ చదువు కాదు. పదకొండు గుళ్ళంటే పదకొండుసార్లు బస్సు దిగాలి, పదకొండుసార్లు చెప్పులు విప్పాలి, పదకొండుసార్లు "అందరూ వచ్చారా" అని లెక్కపెట్టాలి. పదిహేను మంది పెద్దవాళ్ళు బస్సు దిగి, మళ్ళీ ఎక్కి కూర్చోవడానికే ఇరవై నిమిషాలు పోతాయి. పదకొండు ఇరవైలంటే దాదాపు నాలుగు గంటలు, అంటే ఒక పూట అంతా మెట్ల దగ్గరే.

హైదరాబాద్‌లో సీనియర్ సిటిజన్ సంఘాలు, అపార్ట్‌మెంట్ కమిటీలు, రిటైరైనవాళ్ళ బృందాలు ఈ మధ్య చదువు యాత్రల మాట ఎత్తుతున్నాయి. కాకతీయుల చరిత్ర, చేనేత, బౌద్ధ స్థలాలు లాంటి ఒక్క విషయం తీసుకుని ముందు నాలుగు పాఠాలు విని, తరవాత వెళ్ళి కళ్ళారా చూసి రావాలని వాళ్ళ ఆలోచన. ఇది కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో 1973లో పియేర్ వెల్లాస్ వయోధికుల కోసం విశ్వవిద్యాలయ తరగతులు మొదలుపెట్టారు. 1975లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో మార్టీ నోల్టన్, డేవిడ్ బియాంకో ఎల్డర్‌హాస్టల్ ప్రారంభించారు. వేసవి సెలవుల్లో కాలేజీ హాస్టళ్ళు ఖాళీగా ఉంటాయి కదా, వాటిలో పెద్దవాళ్ళను ఉంచి, మెస్సులో భోజనం పెట్టి, ప్రొఫెసర్లతో పాఠాలు చెప్పించారు. ఆ సంస్థ పేరే ఇప్పుడు రోడ్ స్కాలర్. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. ప్రతి యాత్రకూ ఎంత దూరం నడవాలి, ఎన్ని మెట్లు ఎక్కాలి, ఎంతసేపు నిలబడాలి అన్నది ముందే రాసి ఇస్తారు. మన దగ్గర "కొంచెం నడక ఉంటుందండీ" అంటారు. ఆ కొంచెం ఒకరికి రెండొందల మీటర్లు, ఇంకొకరికి రెండు కిలోమీటర్లు.

ముందుగా ఎవరో ఒకరు వెళ్ళి చూసి రావాలి

గూగుల్ మ్యాప్‌లో మెట్లు కనపడవు. యాత్రకు నెల ముందు అదే వారం, అదే వేళకు ఒకరు వెళ్ళి చూసి రావాలి. డెబ్బై దాటినవాళ్ళను ఒకరిని వెంట తీసుకెళ్తే మరీ మంచిది. నలభై ఏళ్ళవాడి కళ్ళకు అడుగున్నర ఎత్తు గడప ఆనదు.

రాసుకోవాల్సినవి ఇవి: బస్సు ఆగే చోటు నుంచి గేటు దాకా అడుగుల లెక్క. మెట్లు ఎన్ని, పట్టుకోవడానికి కమ్మీ ఉందా, ఉంటే ఏ పక్కన. కూర్చోవడానికి అరుగులు ఎక్కడెక్కడ, ఏ గంటకు ఏ గోడ నీడ ఎటు పడుతుంది. మరుగుదొడ్డి ఎంత దూరం, కమోడ్ ఉందా, నీళ్ళు వస్తున్నాయా, తాళం ఎవరి దగ్గరుంటుంది. చివరిది నవ్వులాటగా అనిపించొచ్చు గానీ, మరుగుదొడ్డి ఉన్నా తాళం చెవి పట్టుకున్న మనిషి భోజనానికి వెళ్ళాడంటే లేనట్టే లెక్క.

సెలవు రోజు చూసుకోకుండా వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డ బృందాలు ఎన్నో. సాలార్ జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు శుక్రవారం సెలవు. నాగార్జునకొండ మ్యూజియానికీ శుక్రవారమే. మేడారం జాతర సరి సంవత్సరాల్లో, మాఘ మాసంలో వస్తుంది. ఆ రోజుల్లో ములుగు రోడ్డు మీద బస్సు కదలదు, హనుమకొండలో గది దొరకదు. సంక్రాంతి ముందు విజయవాడ రోడ్డుదీ అదే కథ. కార్తీక సోమవారం వేయి స్తంభాల గుడికి వెళ్తే శిల్పం కంటే తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి. హైదరాబాద్ నుంచి బయల్దేరేవాళ్ళకు నవంబర్ మధ్య నుంచి ఫిబ్రవరి మధ్య దాకా మంచి కాలం. మార్చి వచ్చిందంటే పదకొండు గంటలకే రాళ్ళు కాలతాయి.

ఊళ్ళోనే మొదలుపెట్టండి

మొదటి యాత్ర ఎప్పుడూ ఒక పూటదే, ఊళ్ళోదే అయి ఉండాలి. రాత్రి బస పెట్టుకోకముందే ఎవరు ఎంత నడవగలరో, ఎవరికి ఎంత తరచుగా ఆగాలో అందులోనే తెలిసిపోతుంది.

అందరూ గోల్కొండ అంటారు. పై దాకా దాదాపు 360 మెట్లు. కుతుబ్ షాహీ సమాధుల ప్రాంగణంతో మొదలుపెడితే నయం. నేల ఎక్కువ భాగం చదును, చెట్లున్నాయి, ఒక పూటకు సరిపడా చదువు ఉంది. వంశం మొదలుపెట్టిన సుల్తాన్ కులీ అక్కడే ఉన్నాడు. చివరివాడైన అబుల్ హసన్ తానీషా మాత్రం అక్కడ లేడు. 1687లో ఔరంగజేబు కోట పట్టుకున్నాక దౌలతాబాద్‌లో ఖైదులోనే చనిపోయాడు, ఖుల్దాబాద్‌లో సమాధి చేశారు. అంటే రాజ్యం ఎలా మొదలై ఎలా ముగిసిందో, ఉన్న సమాధినీ లేని సమాధినీ పక్కపక్కన పెట్టి చెప్పొచ్చు. శవ స్నానాలకు కట్టిన హమామ్, పెద్ద మెట్లబావి కూడా అందులోనే. ఆ బావి గోడ 2013 వానలకు కూలింది. ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు మళ్ళీ నిలబెట్టారు. ఆ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. రిటైరైన సివిల్ ఇంజినీర్లు గుంపులో ఉంటే ఇక్కడి నుంచి కదలరు. కదపకండి కూడా.

గోల్కొండకు తప్పకుండా వెళ్ళాలనుకుంటే గుంపును రెండుగా చెయ్యండి. ఎక్కగలిగినవాళ్ళు పైకి వెళ్తారు, మిగతావాళ్ళు కింద ఉంటారు. కింద ఉండేవాళ్ళకు కాలక్షేపం కాకుండా పని ఉండాలి: కోటకు నీళ్ళు ఎలా ఎక్కించారు, మట్టి గొట్టాలు గోడల్లో ఎక్కడ కనిపిస్తాయి అన్నది వాళ్ళ పాఠం. రెండు గుంపులనూ కలిపేది చప్పట్లు. టికెట్ చూపించి లోపలికి వెళ్ళగానే వచ్చే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సార్ దాకా వినిపిస్తుంది. అయితే ఆదివారం పది దాటాక వెళ్తే ఊళ్ళోవాళ్ళందరూ కొడుతుంటారు, ఎవరి చప్పుడో తెలియదు. అందుకని మామూలు రోజున గేటు తెరిచిన వెంటనే లోపలికి వెళ్ళాలి, ముందే ఒక లెక్క అనుకోవాలి: మూడు చప్పట్లు, కాసేపు ఆగి రెండు. పైనున్నవాళ్ళు ఆ వరస విని ఫోన్ చేసి చెప్తారు. కింద ఆగిపోయామన్న చిన్నతనం ఎవరికీ ఉండదు. వాళ్ళు చప్పట్లు కొట్టకపోతే పైవాళ్ళకు వినడానికి ఏమీ ఉండదు కదా.

ఎక్కడం కంటే దిగడం ప్రమాదం. ఒకే అద్దంలో దూరం చూపూ దగ్గర చూపూ ఉన్న కళ్ళజోడు పెట్టుకుని కిందికి చూస్తే పాదం దగ్గరి మెట్టు మసకగా కనిపిస్తుంది, ఎత్తు అంచనా తప్పుతుంది. దూరం చూపుకు మాత్రమే ఉన్న పాత జోడు ఇంట్లో ఉంటే, డాక్టర్‌ను అడిగి మెట్ల కోసం అది తెచ్చుకోమనండి. దిగేటప్పుడు ముందు ఒక కుర్ర వాలంటీర్, వెనక ఒకరు. పక్కన చెయ్యి పట్టుకుని నడిపించొద్దు, ఒకరు జారితే ఇద్దరూ పడతారు. మోచెయ్యి అందిస్తే వాళ్ళే పట్టుకుంటారు.

సాలార్ జంగ్ మ్యూజియంలో తప్పు ఒక్కటే, మొత్తం చూడాలనుకోవడం. ఒక పూటకు మూడే వస్తువులు పెట్టుకోండి: ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన 1876 నాటి పాలరాతి బొమ్మ మేలిముసుగు రెబెక్కా, నూర్జహాన్ బాకు ఉన్న జేడ్ గది, గంటకోసారి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం. గడియారం ముందు కూర్చునే ఏర్పాటు ఉంది, అయితే పన్నెండు గంటలకు జనం కిక్కిరిసిపోతారు. పదకొండు గంటలకు చూస్తే పదకొండు దెబ్బలే పడతాయి, కుర్చీ మాత్రం దొరుకుతుంది.

రామప్ప: ఒక చోటును దగ్గర నుంచి

రెండు రాత్రుల యాత్రకు వరంగల్, రామప్ప మంచి జోడీ. ఉప్పల్ నుంచి ఉదయం ఏడున్నరకు బయల్దేరితే జనగామ ముందు పెంబర్తి వస్తుంది. ఇత్తడి రేకు మీద సుత్తి దెబ్బలతో బొమ్మ తేల్చే పని గంటసేపు చూడొచ్చు. చెవి మిషన్ పెట్టుకున్నవాళ్ళను ముందే శబ్దం తగ్గించుకోమనాలి. ఆ సుత్తి చప్పుడు నేరుగా బుర్రలోకి దిగుతుంది. మధ్యాహ్నానికి హనుమకొండ. భోజనం, మూడున్నర దాకా పడక. నాలుగింటికి 1163 నాటి వేయి స్తంభాల గుడి. ఆ రోజుకు అంతే.

రెండో రోజు రామప్ప మాత్రమే. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి. 2021 జులైలో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. హనుమకొండ నుంచి అరవై ఐదు, డెబ్బై కిలోమీటర్లు. ఆరుంపావుకు బయల్దేరి, టిఫిన్ కట్టించుకుని ఏడున్నరకు ములుగు దగ్గర ఆగి తిని, ఎనిమిదిన్నర లోపు గుడి దగ్గర ఉండాలి. షుగర్ మందు వేసుకునేవాళ్ళను ఖాళీ కడుపుతో తీసుకెళ్ళి "అక్కడ తిందాం" అనడం ఈ యాత్రల్లో ఎక్కువగా జరిగే తప్పు. అక్కడ ఏమీ సిద్ధంగా ఉండదు.

రామప్ప ఇప్పటికీ పూజ జరిగే గుడి, చెప్పులు బయటే వదలాలి. చలికాలంలో కూడా పదిన్నర దాటితే ఆవరణలో రాళ్ళు అరికాళ్ళకు చురుక్కుమంటాయి. షుగర్ ఉండి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళకు ఆ చురుకు తెలియదు, బొబ్బలు సాయంత్రం గదిలో కనిపిస్తాయి. మందపాటి నూలు మేజోళ్ళు వేసుకోనిస్తారేమో సిబ్బందిని ముందే అడగండి. అడుగున రబ్బరు చుక్కలున్నవే తెచ్చుకోమనండి. మామూలు మేజోళ్ళతో లోపలి నున్నటి నల్లరాయి మీద నడిస్తే సబ్బు మీద నడిచినట్టే.

గుడి మనిషెత్తు పీఠం మీద ఉంటుంది. ఆ మెట్లు సాఫీగా ఉండవు, ఒక్కొక్కరుగా ఎక్కాలి. ఎక్కగానే లోపలికి తోసుకుపోవద్దు. ఎండలోంచి చీకట్లోకి వస్తే పెద్ద కళ్ళు సర్దుకోవడానికి కుర్ర కళ్ళ కంటే ఎక్కువసేపు పడుతుంది. గడప దగ్గర రెండు మూడు నిమిషాలు ఆపి, అక్కడే చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పేయండి.

ఇక్కడ చూడాల్సినవన్నీ తలకు పైనే ఉంటాయి: చూరు కింద వాలుగా నిలబెట్టిన మదనికలు అనే స్త్రీ శిల్పాలు, రంగమండపం కప్పు మీది చెక్కడం. మెడ వెనక్కి వంచి పైకి చూస్తూ నిలబడితే చాలామందికి కళ్ళు తిరుగుతాయి. దీనికి మూడు ఉపాయాలున్నాయి. కప్పు చూడటానికి గడ్డం గీసుకునే సైజు అద్దం. ఛాతీ ముందు పళ్ళెంలా పట్టుకుని అందులోకి చూస్తే కప్పంతా కిందికి దిగి వస్తుంది, మెడ వంచి చదువుకున్నట్టు చూడొచ్చు. ఇద్దరికో అద్దం చాలు, అంచులు నున్నగా ఉండాలి. రెండోది టార్చి. బొమ్మ మీదికి ఎదురుగా వేస్తే చెక్కడం చదునుగా, తెల్లగా కనిపిస్తుంది. సిబ్బందిని అడిగి పక్క నుంచి, వాలుగా వెయ్యండి, నగల మీది గుళ్ళు కూడా నీడలతో లేచి నిలబడతాయి. మూడోది మదనికల కోసం. దగ్గరికెళ్ళి పైకి చూడటం కాదు, ఆవరణలో ఇరవై అడుగుల దూరాన స్టూలు వేసుకుని కూర్చుని బైనాక్యులర్‌తో చూడాలి. ఎనిమిదింతలు పెద్దగా చూపించేది చాలు, అంతకు మించితే చెయ్యి వణుకు కూడా పెద్దదవుతుంది. మదనికల్లో ఒకామె మడమ ఎత్తు చెప్పులు తొడుక్కుని ఉంటుంది. ఆమెను ఎవరు ముందు కనిపెడతారో చూద్దామని వదిలేయండి, గైడు చెప్పేస్తే సగం రుచి పోతుంది.

చెప్పాల్సిన విషయాలు మూడింటికి మించొద్దు: విమానానికి, అంటే గర్భగుడి మీది శిఖరానికి, వాడిన తేలిక ఇటుకలు, అవి నీళ్ళ మీద తేలుతాయి. పునాది కింద గుంట తవ్వి ఇసుక నింపిన పద్ధతి. గుడి పక్కన చెరువు ఎందుకుంది. మూడోది గుడి ముందు కాదు, పదకొండింటికి రామప్ప చెరువు గట్టు మీద నీడలో చెప్పాలి. కాకతీయులకు చెరువు లేని గుడి లేదు. పాఖాల, లక్నవరం కూడా వాళ్ళ కాలానివే. ఆ సంగతి నీళ్ళు కనిపిస్తుండగా చెబితే పటం గీయాల్సిన పని ఉండదు. పన్నెండున్నరకు భోజనం, తరవాత వెనక్కి. "దారిలో లక్నవరం కూడా..." అని ఎవరో ఒకరు అంటారు. వద్దు. లక్నవరంలో వేలాడే వంతెన ఊగుతుంది, సాయంత్రమవుతుంది, మరుసటి రోజు సగం మంది గది దాటరు.

మూడో రోజు ఎనిమిది నుంచి పది దాకా వరంగల్ కోట తోరణాలు. పదకొండుకు బయల్దేరితే నాలుగు లోపు ఉప్పల్.

పాఠం

యాత్రకు ముందు వారానికొకటి చొప్పున మూడు తరగతులు, ఒక్కోటి నలభై ఐదు నిమిషాలు. చేతికిచ్చే కాగితాలు పన్నెండు పేజీలు దాటొద్దు, అక్షరం పదహారు పాయింట్లకు తగ్గొద్దు. తెలుగు వత్తులు చిన్న అక్షరంలో కలిసిపోతాయి కాబట్టి వరసల మధ్య ఖాళీ ఎక్కువ వదలండి. మెరిసే కాగితం మీద అచ్చేస్తే ఎండలో చదవలేరు. బస్సులో చదవమని ఇవ్వొద్దు, వాంతులవుతాయి.

ఒక్కొక్కరికి ఒక ప్రశ్న ఇచ్చి పంపడం బాగా పనిచేస్తుంది. "ఈ గుడిలో ఏనుగులు ఎటు నడుస్తున్నాయి?" లాంటిది, అక్కడ చూస్తే తప్ప జవాబు దొరకనిది.

రాత్రి భోజనం తరవాత చర్చ పెట్టే అలవాటుంది చాలామందికి. ఎనిమిదిన్నరకు సగం కళ్ళు మూతలు పడతాయి, మిగతా సగం మందు బిళ్ళల పెట్టె కోసం వెతుకుతుంటాయి. చర్చ పొద్దున్నే, టిఫిన్ అయ్యాక ఏడున్నరకు పెట్టండి, బయల్దేరేది ఆరుంపావుకైన రోజు తప్ప. నిన్న చూసింది రాత్రి నిద్రలో సర్దుకుని ఉంటుంది, మాటలు బాగా వస్తాయి.

ప్రతి గుంపులోనూ ఒక పెద్దమనిషి ఉంటారు. చరిత్ర మీద పట్టుంటుంది, మైకు ఇస్తే మళ్ళీ ఇవ్వరు. ఆయన్ను ఆపాలని చూస్తే అలుగుతారు, వదిలేస్తే మిగతావాళ్ళు అలుగుతారు. రోజుకు పది నిమిషాలు "మీ మాట" అని ముందే పేరు రాసి పెట్టండి. సమయం చూసే పని ఇంకొకావిడకు అప్పగించండి, వీలైతే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌కు. ఆ బెల్లుకు ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకు లేరు.

మాట వినపడటం ఇంకో సంగతి. నడుముకు కట్టుకునే చిన్న స్పీకర్ పదిహేను మందికి సరిపోతుంది, మ్యూజియంలో మాత్రం ఒప్పుకోరు. చెప్పేవాళ్ళు గుంపుకు ఎదురుగా, సూర్యుడు తమ ముఖం మీద పడేలా నిలబడాలి, వినేవాళ్ళ కళ్ళలో పడేలా కాదు. వినికిడి తగ్గినవాళ్ళు సగం పెదాలు చూసి వింటారు. శిల్పం వైపు తిరిగి, వీపు చూపిస్తూ మాట్లాడితే ఆ సగం పోయినట్టే.

చేనేత యాత్రకు భూదాన్ పోచంపల్లి యాభై కిలోమీటర్ల లోపే, ఒక్క రోజులో వెళ్ళి రావొచ్చు. నేతకారుల ఇళ్ళు ఇరుకు, గుంట మగ్గం చుట్టూ ఐదుగురికి మించి నిలబడలేరు. పద్దెనిమిది మందిని ఒకేసారి లోపలికి పంపితే వెనకవాళ్ళకు ముందువాళ్ళ వీపులు తప్ప ఏమీ కనిపించవు. మూడు జట్లు చెయ్యండి: ఒకటి చిటికి కట్టే (రంగు ఎక్కకుండా నూలును అక్కడక్కడ బిగించి కట్టే) చోట, ఒకటి ఆసు (నేతకు ముందు మేకుల చుట్టూ నూలు తిప్పే పని) దగ్గర, ఒకటి మగ్గం దగ్గర. ఇరవై నిమిషాలకోసారి మారాలి. చిటికి దగ్గర అడగాల్సింది ఒకటే: రబ్బరు ముక్కతో కట్టిన చోట రంగు ఎందుకు ఎక్కదు, విప్పాక అంచు ఎందుకు మసకగా వస్తుంది. అది అర్థమైతే పోచంపల్లి చీరకూ అచ్చు వేసిన నకలుకూ తేడా ఇక జన్మలో మర్చిపోరు. ఆసు పోయడం చూస్తే చింతకింది మల్లేశం లక్ష్మీ ఆసు యంత్రం ఎందుకు తయారుచేశారో విడమరచి చెప్పక్కర్లేదు, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. పని ఆపి చూపించినందుకు ఇంటింటికీ డబ్బు ముందే మాట్లాడుకుని ఇవ్వండి, "చీరలు కొంటాం కదా" అని తప్పించుకోవద్దు. షాపుకు ముప్పావుగంట, అదీ చివర్లో. ముందు పెడితే పాఠం లేదు.

బస్సు, రైలు, గది

పదహారు నుంచి పద్దెనిమిది మంది, ఇరవై ఐదు సీట్ల బస్సు. ఖాళీ సీట్లు దండగ కాదు, నడుము నొప్పి వచ్చినవాళ్ళు కాళ్ళు చాపుకోవడానికి. బస్సు మొదటి మెట్టు నేల నుంచి ఎత్తుగా ఉంటుంది. ఇంట్లో వాడే వెడల్పాటి చెక్క పీట ఒకటి, కింద రబ్బరు అతికించి పెట్టుకోండి. క్లీనరు దిగగానే పీట వెయ్యాలి, ఎవరైనా ఎక్కుతున్నంతసేపు దాని మీద ఒక కాలు ఆనించి ఉండాలి. ముందు సీట్లు రోజూ మారాలని మొదటి రోజే చెప్పకపోతే యాత్ర పొడుగునా అదే తగువు. కిరాయి మాట్లాడేటప్పుడు టోలు, పార్కింగ్, డ్రైవర్ బత్తా, రాత్రి ఆగితే ఇవ్వాల్సింది, అన్నీ కాగితం మీద ఉండాలి.

గంటన్నరకోసారి ఆగాలి. ఆగరని తెలిస్తే పెద్దవాళ్ళు నీళ్ళు తాగడం మానేస్తారు, ముఖ్యంగా ఆడవాళ్ళు. నీరు తోడే బీపీ మాత్ర కూడా ఆ పూట మానేస్తారు. మధ్యాహ్నం గుడి మెట్ల మీద కళ్ళు తిరిగి పడేది అందుకే, ఎండ వల్ల అనుకుంటాం. ఆగే చోట్లు టైముతో సహా అచ్చేసి చేతికిస్తే నీళ్ళు తాగుతారు. మాత్ర వేళ మార్చుకోవచ్చా అని బయల్దేరే ముందే డాక్టర్‌ను అడగమనండి.

రాత్రి రైలైతే ఒక మెలిక ఉంది. సీనియర్ల కింది బెర్తు కోటా ఒంటరిగా గానీ, ఇద్దరిగా గానీ తీసే టికెట్‌కే వర్తిస్తుంది. మగవాళ్ళకు 60, ఆడవాళ్ళకు 45 ఏళ్ళు నిండాలి. ఆరుగురినీ ఒకే టికెట్ మీద వేస్తే కోటా పోతుంది, డెబ్బై ఐదేళ్ళాయనకు పై బెర్తు వస్తుంది. ఇద్దరిద్దరిగా తియ్యండి. వేర్వేరు బోగీలు పడొచ్చు, పర్వాలేదు, పొద్దున దిగేది ఒకే స్టేషన్‌లో. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. వయసు రాయితీ 2020 మార్చిలో ఆగింది, కాబట్టి పూర్తి ఛార్జీ లెక్క వేసుకోండి. రైలు సికింద్రాబాద్ నుంచా, చర్లపల్లి నుంచా అన్నది టికెట్ మీద చూసి ఒక్కొక్కరికి నోటితో చెప్పాలి. చాలామందికి రైలంటే సికింద్రాబాదే.

గది విషయంలో అడగాల్సింది ఏసీ కాదు. కమోడ్ ఉందా, బాత్రూం నేల జారుతుందా, లిఫ్టుకు జనరేటర్ ఉందా. పడటాలు ఎక్కువగా కొత్త గదిలో, రాత్రి రెండింటికి, మంచం నుంచి బాత్రూంకు వెళ్ళేటప్పుడు. గది ఇవ్వగానే వాలంటీరు వెళ్ళి బాత్రూం లైటు వేసి తలుపు ఓరగా ఉంచాలి, దారిలోని పెట్టె పక్కకు జరపాలి, బాత్రూంలో ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వెయ్యాలి. ఇద్దరికో గది అన్నప్పుడు గురక సంగతి ఫారంలోనే అడగండి. సిగ్గుపడి రాయరు. "మీ ఇంట్లోవాళ్ళు ఏమంటారు?" అని అడిగితే రాస్తారు.

డబ్బు లెక్కలో పడే గుంట ఇది. బస్సు కిరాయి 36,000 అనుకుందాం. పద్దెనిమిది మందైతే తలా 2,000. చివర్లో నలుగురు మానేస్తే పద్నాలుగు మందికి 2,571. పెద్దవాళ్ళ యాత్రలో చివరి వారం ముగ్గురు నలుగురు మానడం మామూలే, కోడలి పురుడు, కంటి ఆపరేషన్, ఏదో ఒకటి. లెక్క మొదటి నుంచీ పద్నాలుగు మీదే వేసి, పద్దెనిమిది మందీ వస్తే మిగిలింది వెనక్కివ్వండి. అదనంగా అడిగించుకోవడం కంటే వెనక్కి తీసుకోవడం అందరికీ ఇష్టం.

ఒంట్లో బాగోకపోతే

ప్రతివాళ్ళూ ఒక కాగితం నింపాలి: మందుల పేర్లు, పడని మందులు, రక్తం పల్చబడే మాత్ర వాడుతున్నారా, ఇంట్లో ఎవరికి ఫోన్ చెయ్యాలి. కవర్లో పెట్టి అంటించి, అవసరమైతేనే తెరవాలి. మందులు రెండు సంచుల్లో సగం సగం, ఒకటి చేతి సంచిలోనే ఉండాలి. ఇన్సులిన్ బస్సు డిక్కీలో పెడితే ఎండకు పాడవుతుంది, ఐసుకు ఆనించి పెట్టినా గడ్డకట్టి పాడవుతుంది.

షుగర్ 70 కంటే తగ్గి చెమటలు, వణుకు వస్తే, మనిషి తెలివిలో ఉండి మింగగలిగితే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్ళలో కలిపి పట్టండి, పదిహేను నిమిషాల తరవాత మళ్ళీ చూడండి. బిస్కెట్ ముందు కాదు, తరవాత. తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చెయ్యండి. రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళు పడి తలకు దెబ్బ తగిలితే, "ఏం కాలేదు, బాగానే ఉన్నా" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే. గుండెల్లో నొప్పి అంటే గ్యాసేమో అని సోడా తాగించి కూర్చోవద్దు. పాలంపేట నుంచి వరంగల్‌లోని పెద్దాసుపత్రులకు గంటన్నర ప్రయాణం, ఆ గంటన్నర నొప్పి మొదలైన నిమిషం నుంచే లెక్కకొస్తుంది.

వాట్సాప్ గ్రూపులో యాత్ర రోజుల్లో అడ్మిన్ మాత్రమే రాసేలా పెట్టండి. లేకపోతే "బస్సు గేటు నంబరు రెండు దగ్గర ఉంది" అన్న మెసేజ్ నలభై గుడ్ మార్నింగ్ పూల కింద పూడిపోతుంది. రాసి పంపినదే మాటల్లో కూడా రికార్డు చేసి పంపండి.

తిరిగి వచ్చేది వెలుగుండగానే. నాలుగింటికి ఉప్పల్ మెట్రో దగ్గర దింపితే మియాపూర్‌కు వెళ్ళేవాళ్ళు కూడా దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉంటారు. ఏడింటికి దింపితే సామానుతో, నిద్ర కళ్ళతో క్యాబ్ కోసం రోడ్డు మీద నిలబడాలి. దిగేటప్పుడు బస్సులో మర్చిపోయినవి చూడాలి: సీటు సందులో చెవి మిషన్ డబ్బా, ముందు సీటు సంచిలో పళ్ళ సెట్టు, పైన చేతికర్ర. అడ్మిన్‌కు మాత్రమే ఉన్న తాళం ఆ సాయంత్రం తీసేయండి, "ఇల్లు చేరాను" అని ఒక్కొక్కరు రాయాలి. పేర్ల జాబితా పక్కన టిక్కు పెట్టుకుంటూ పోవాలి. రాత్రి తొమ్మిదైనా టిక్కు పడని పేరుంటే ఫోన్ చెయ్యండి. ఎక్కువసార్లు ఆయన ఇంటికి చేరి, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టి, మనవడికి మడమ ఎత్తు చెప్పుల బొమ్మ గురించి చెప్తూ ఉంటాడు.